ఎదుటి కుర్చీలో ఎవరు?

విశాఖపట్నం

చిరంజీవి నానీకి,

ఫోన్లో అడిగినదానికి ఫోన్లోనే చెప్పేయవచ్చు. కానీ ఇది నువ్వు ఒకటికి రెండుసార్లు చదువుకోవలసిన విషయం, అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ఎన్‌ఎల్‌పి (న్యూరో లింగ్విస్టిక్ ప్రోగ్రామింగ్), హిప్నాసిస్ పుస్తకాలతో, వీడియోలతో సొంతంగా నేర్చుకుంటే సరిపోతుందా, లేక హైదరాబాదులో ఒక సంస్థకు రెండు నెలల జీతం కట్టి వారం రోజుల్లో సర్టిఫికెట్ తెచ్చుకోవాలా అని అడిగావు. జవాబు ముందే చెప్పేస్తాను. నీ మీద నువ్వు చేసుకునేదానికి పుస్తకం చాలు. ఇంకొకరి బాధ మీద చెయ్యి వేయాలంటే ఆ వారం రోజుల సర్టిఫికెట్ కూడా చాలదు. అంటే నువ్వు ఎంచుకోమన్న ఆ రెండింటి మధ్య అసలు తేడా లేదు, తేడా ఇంకో చోట ఉంది.

సొంతంగా నేర్చుకున్నవాళ్లంటే నాకు చిన్నచూపు లేదు. హిప్నాసిస్ చరిత్రలోకి మన దేశం పేరు ఎక్కించినవాడు అలాంటివాడే. జేమ్స్ ఎస్డెయిల్ అని స్కాట్లండ్ సర్జన్, కలకత్తాకు ఎగువన హుగ్లీలో ఈస్టిండియా కంపెనీ డాక్టరు. 1845 ఏప్రిల్‌లో ఆయన దగ్గరికి వరిబీజంతో బాధపడుతున్న ఒక ఖైదీ వచ్చాడు. అప్పటికి ఈథర్ లేదు, క్లోరోఫాం లేదు. నలుగురు పట్టుకుంటే కోయడమే. నొప్పితో మెలికలు తిరుగుతున్న ఆ మనిషి మీద ఎస్డెయిల్ మెస్మరిజం ప్రయత్నించాడు. అంతకుముందు అది ఎవరైనా చేస్తుండగా ఆయన కళ్లతో చూసింది లేదు. చదివాడు, అంతే. ఓపికగా ముఖం మీదుగా చేతులు కదుపుతూ కూర్చుంటే కాసేపటికి ఖైదీ గుచ్చినా ఉలకని స్థితికి వెళ్లాడు. ఆ తర్వాత ఆయన ఎన్నో ఆపరేషన్లు ఆ పద్ధతిలోనే చేశాడు. బోద వల్ల పెరిగిన పెద్ద పెద్ద కంతుల్ని కూడా తీశాడు. 1846లో పుస్తకం వచ్చింది, బెంగాల్ ప్రభుత్వం కమిటీ వేసి చూసింది, కలకత్తాలో ఆయనకు ఒక చిన్న ఆసుపత్రి ఇచ్చింది. అదే ఏడాది అక్టోబరులో బోస్టన్‌లో ఈథర్ ఇచ్చి అందరి ముందూ ఆపరేషన్ చేశారు. అక్కడి నుంచి సర్జన్లకు మెస్మరిజంతో పని లేకపోయింది.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, ఎస్డెయిల్‌కు మెస్మరిజం కొత్త గాని వరిబీజం కొత్త కాదు. కత్తి కొత్త కాదు. రోగి ముఖం పాలిపోతే, నాడి జారిపోతే ఏం చేయాలో ఆయన చేతులకు తెలుసు. పుస్తకం చదివి నేర్చుకున్న భాగం చాలా చిన్నది, దాని కింద ఏళ్ల తరబడి చేసిన వైద్యం ఉంది.

హిప్నాసిస్ వాడే డాక్టర్ల మధ్య ఒక కట్టుబాటు ఉంది. హిప్నాసిస్ లేకుండా నువ్వు వైద్యం చేయలేని జబ్బును హిప్నాసిస్‌తో కూడా ముట్టుకోవద్దు. పళ్ల డాక్టరు పన్ను నొప్పికి వాడుకోవచ్చు, మత్తు డాక్టరు ఆపరేషన్‌కు ముందు భయం తగ్గించడానికి వాడుకోవచ్చు. మాంచెస్టర్‌లో పీటర్ వార్వెల్ అనే ఆయన పొట్ట జబ్బుల డాక్టరు. ఏ మందుకూ లొంగని ఐబీఎస్ రోగులకు, అదే పేగులు మాటిమాటికీ మొరాయించే జబ్బు, హిప్నాసిస్‌తో గట్టి ఉపశమనం వస్తోందని 1984లో లాన్సెట్ పత్రికలో చూపించాడు. మందులు ఏడాది వాడినా తగ్గకపోతే ఈ మార్గం ఆలోచించవచ్చని ఇవాళ బ్రిటన్ ప్రభుత్వ వైద్య మార్గదర్శకాల్లోనే ఉంది. కాబట్టి హిప్నాసిస్ బూటకం అని ఎవరైనా అంటే నమ్మకు. అది పనిచేస్తుంది. పనిచేస్తుంది గనకనే నాకు ఈ బెంగ.

ఇక రెండో కథ. 1952లో అమెరికాలో, కొలరాడో రాష్ట్రంలోని ప్యూబ్లో ఊళ్లో మోరీ బెర్న్‌స్టీన్ అని ఒక వ్యాపారి. సరదాగా హిప్నాటిజం నేర్చుకున్నాడు. తెలిసినావిడ ఒకామెను హిప్నాసిస్‌లోకి తీసుకెళ్లి చిన్నతనం దాకా నడిపించాడు, అక్కడితో ఆగకుండా పుట్టుకకు ముందేముందో చెప్పమన్నాడు. ఆమె తన పేరు బ్రైడీ మర్ఫీ అంది. పంతొమ్మిదో శతాబ్దం, ఐర్లండ్, కార్క్ పట్టణం అంటూ ఐరిష్ యాసలో కబుర్లు చెప్పింది. 1956లో అది పుస్తకంగా వచ్చి అమెరికా అంతా ఊగిపోయింది. విలేకర్లు ఐర్లండ్ వెళ్లి వెతికితే ఆ పేరున పుట్టుక లేదు, చావు లేదు. ఆమె చిన్నప్పుడు చికాగోలో ఉన్న వీధిలోనే ఎదురింట్లో ఒక ఐరిష్ ఆవిడ ఉండేదనీ, ఆవిడ పేరు బ్రైడీ అనీ, పుట్టింటివాళ్లు మర్ఫీలనీ అక్కడి పత్రిక ఒకటి బయటపెట్టింది.

ఇందులో ఎవరూ కావాలని అబద్ధం ఆడలేదు, నానీ. భయపెట్టేది అదే. హిప్నాసిస్‌లో జ్ఞాపకం కెమెరా రీలు తిప్పినట్టు రాదు. విన్నదీ చదివినదీ ఊహించినదీ కలిసిపోయి వస్తుంది, పైగా అది నిజమనే ధీమా మాత్రం పెరుగుతుంది. అడిగేవాడి ప్రశ్నే సగం జవాబును అల్లేస్తుంది. గత జన్మలోకి తీసుకెళ్తామనేవాళ్లు మన దగ్గరా ఉన్నారు. పునర్జన్మ ఉందా లేదా అన్నది నీ విశ్వాసం, దాని జోలికి నేను రాను. నేను చదువుకున్న ఆంధ్రా యూనివర్సిటీలోనే కోనేరు రామకృష్ణారావు గారు పరామానసశాస్త్రానికి, అదే పారాసైకాలజీకి, ఒక శాఖ నిలబెట్టారు. అలాంటివాటిని అంత శ్రద్ధగా పట్టించుకున్న పెద్దమనిషి కూడా ప్రయోగం, పరీక్ష, లెక్క అనేవారు. కళ్లు మూసుకున్న ఆడపిల్ల ఏడుస్తూ చెప్పిన మాటను ఆధారం అనుకోవడం పరీక్ష కాదు. ఆ పిల్ల బయటికి వచ్చాక, ఫలానా జన్మలో నన్ను చంపినవాడే ఇప్పుడు మా మామగారు అని నమ్మి ఇంటికి వెళ్తే? ఆ ఇంట్లో మర్నాటి నుంచి జరిగేదానికి ఎవరు పూచీ?

నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడి సంగతి చెబుతాను, ఆనవాళ్లు మార్చి. ఇంజనీరింగ్ చివరి ఏడాది. నిద్ర పోయింది, స్నేహితులు దూరమయ్యారు, ఎవరో పేరు పెట్టి పిలుస్తున్నట్టు ఉంటోందన్నాడు. ఇంట్లోవాళ్లు గోడ నిండా సర్టిఫికెట్లు ఉన్న ఒకాయన దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన హిప్నాసిస్ చేసి, ఆ గొంతు నీ సబ్‌కాన్షస్ మైండ్, అది నీకేదో చెప్పాలనుకుంటోంది, రోజూ సాయంత్రం కళ్లు మూసుకుని విను అన్నాడు. పిల్లవాడు బుద్ధిగా విన్నాడు. నా దగ్గరికి వచ్చేసరికి అన్నం మానేశాడు, ఆ గొంతు చెప్పిందని. అప్పటికప్పుడు సైకియాట్రిస్టుకు చూపించి మందులు మొదలుపెట్టించాం. కోలుకున్నాడు, కానీ ఎన్నో నెలలు పోయాయి. ఆ సర్టిఫికెట్ల ఆయన మోసగాడు కాదు. తీసుకున్న ఫీజు తిరిగి ఇచ్చేశాడు కూడా. క్లాసులో నేర్పినదే చేశాడు. క్లాసులో నేర్పనిది ఒక్కటే, ఎవరికి చేయకూడదో.

క్లినికల్ సైకాలజీ ఎం.ఫిల్. చదివిన రెండేళ్లూ వార్డులో మాకు నేర్పింది ఎక్కువగా అడగడమే. నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, ఎవరూ లేనప్పుడు మాటలు వినిపిస్తున్నాయా, చచ్చిపోవాలనిపిస్తోందా, మూర్ఛలు వచ్చాయా, ఏం మందులు మింగుతున్నాడు, తాగుడు ఉందా, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా వచ్చిందా. జవాబు విని ఎక్కడ ఆగాలో, ఎవరికి పంపాలో తెలియడం. పక్కన ఒక సీనియర్ కూర్చుని, నువ్వు ఆ ప్రశ్న దాటేశావు, ఎందుకు దాటేశావు అని నిలదీయడం. నువ్వు చూసే వీడియోల్లో హిప్నాసిస్‌లోకి తీసుకెళ్లడం చక్కగానే చూపిస్తారు. నిజానికి అందులో తేలికైన భాగం అదే.

ఇక ఎన్‌ఎల్‌పి. నువ్వు దీన్ని హిప్నాసిస్‌తో కలిపి ఒకే గాటన కట్టావు. పుట్టుకలో చుట్టరికం ఉన్నమాట నిజమే. 1970లలో కాలిఫోర్నియా యూనివర్సిటీ, శాంతాక్రజ్‌లో రిచర్డ్ బాండ్లర్ అనే విద్యార్థి, జాన్ గ్రిండర్ అనే భాషాశాస్త్రం అధ్యాపకుడు కలిసి, పేరున్న చికిత్సకులు రోగులతో ఎలా మాట్లాడుతున్నారో గమనించి సూత్రాలు కట్టారు. ఫ్రిట్జ్ పెర్ల్స్, కుటుంబాలతో పనిచేసిన వర్జీనియా సటైర్, హిప్నాసిస్‌లో మహామేధావి అనిపించుకున్న సైకియాట్రిస్టు మిల్టన్ ఎరిక్సన్, ఈ ముగ్గురూ వాళ్లకు నమూనాలు. 1975లో మొదటి పుస్తకం వచ్చింది. గమనించావా, ఆ ముగ్గురూ దశాబ్దాల పాటు మనుషుల మధ్య పనిచేసి రాటుదేలినవాళ్లు. వాళ్ల మాట తీరును పట్టుకోవచ్చు. ఆ మాట ఎప్పుడు అనకూడదో వాళ్లకు తెలిసిన సంగతి ఏ సూత్రంలో ఇముడుతుంది?

అందులో మంచి కూడా ఉంది, అది నీకు పుస్తకంలోనే దొరుకుతుంది. మెటా మోడల్ అని ప్రశ్నల పద్ధతి చూడు. నువ్వు చెప్పే ట్రైనింగ్ క్లాసులో ఒక అమ్మాయి "మా టీమ్‌లో నన్నెవరూ లెక్కచేయరు" అంటుంది. ఎవరూ అంటే ఎవరెవరు? లెక్కచేయడం అంటే ఏం చేస్తే లెక్కచేసినట్టు? "నావల్ల కాదు సార్" అంటాడు ఇంకొకడు. ఏది అడ్డొస్తోంది? ఒకవేళ అయితే ఏం మారుతుంది? ఇలా అడిగితే కొండంత కనిపించిన కష్టం ఒక మేనేజరు, ఒక సోమవారం మీటింగు దగ్గరికి వస్తుంది. ఇది నేనూ వాడతాను. కానీ గొంతు చూసుకో. సటైర్ లాంటివాళ్లు ఈ ప్రశ్నలు ఎంతో ఆప్యాయంగా అడిగేవారు. అదే ప్రశ్నను గడుసుగా అడిగితే పోలీస్ స్టేషన్ అయిపోతుంది. ఇంట్లో మీ అమ్మ మీద మాత్రం ప్రయోగించకు, "నువ్వెప్పుడూ ఇంతే" అన్నప్పుడు ఆవిడకు కావలసింది లెక్క కాదు.

వదిలేయవలసినవి కూడా చెబుతాను, ఎందుకంటే నీ స్లయిడ్లలో అవి ఉన్నాయని నాకు తెలుసు. కళ్లు ఒక పక్కకు పైకి తిప్పితే అబద్ధం, ఇంకో పక్కకు తిప్పితే జ్ఞాపకం అనే పాఠం తీసెయ్. 2012లో రిచర్డ్ వైజ్‌మన్, ఆయన సహచరులు దాన్ని పరీక్షించి చూశారు, నిలబడలేదు. నీ మాట విని ఒక హెచ్‌ఆర్ ఉద్యోగి ఇంటర్వ్యూలో పైకి చూసిన పిల్లవాణ్ని తీసి పక్కన పెడితే ఆ పాపం ఎవరిది? మనుషుల్ని చూపువాళ్లు, వినికిడివాళ్లు, స్పర్శవాళ్లు అని మూడు గంపల్లో వేయడం కూడా పరీక్షలకు ఆగలేదు. 1988లో అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ ఎన్‌ఎల్‌పి ప్రభావానికి చెప్పుకోదగ్గ ఆధారం లేదని తేల్చింది. 2012లో బ్రిటిష్ జనరల్ ప్రాక్టీస్ పత్రికలో వచ్చిన సమీక్ష ఆరోగ్య సమస్యల విషయంలో దాదాపు అదే మాట అంది. అయిదు నిమిషాల్లో ఫోబియా మాయం అనే ప్రకటన చూసినప్పుడు ఇవి గుర్తు చేసుకో.

సర్టిఫికెట్ సంగతికి వస్తాను. ఎన్‌ఎల్‌పి పేరు మీద హక్కు ఎవరికీ లేదు, దానికి ఒకే బోర్డు, ఒకే సిలబస్ అంటూ లేవు. ప్రాక్టీషనర్, మాస్టర్ ప్రాక్టీషనర్, ట్రైనర్ అని మెట్లు పెట్టి ఎవరి కాగితం వాళ్లు అచ్చు వేసుకుంటారు. 2009లో బీబీసీలో క్రిస్ జాక్సన్ అనే ప్రజెంటరు తన పెంపుడు పిల్లి జార్జ్ పేరున దరఖాస్తులు పెడితే, బ్రిటన్‌లో హిప్నోథెరపీ, ఎన్‌ఎల్‌పి సంఘాలు ఏకంగా మూడు ఆ పిల్లిని సభ్యుడిగా చేర్చుకున్నాయి. నీ దగ్గరికి వచ్చే మనిషికి ఇది తెలియదు. ఫ్రేము కట్టిన కాగితం చూసి, డాక్టరు లాంటివాడే అనుకుని, తన పెళ్లాంతో చెప్పుకోలేనిది నీతో చెబుతాడు.

అలాగని ఏ ట్రైనింగూ దండగ అనను. నలుగురి ముందు నిలబడి బతికే ఉద్యోగం నీది. మంచి ట్రైనరు దగ్గర కూర్చుంటే నీ గొంతు ఎక్కడ తొందరపడుతోందో, ఎదుటివాడి ముఖం మారినా నువ్వెప్పుడు గమనించడం లేదో చెప్పేవాడు దొరుకుతాడు. అది వీడియో చెప్పదు. కాబట్టి డబ్బు కట్టేముందు ఆ సంస్థవాళ్లను అడుగు. నేను సాధన చేస్తుంటే చూసి దిద్దేది ఎవరు, ఎంతసేపు? ఎవరికి చేయకూడదో ఎన్ని గంటలు నేర్పుతారు? సాధనలో ఎవరైనా ఉన్నట్టుండి ఏడుపు ఆపుకోలేకపోతే గదిలో అర్హత ఉన్నవాళ్లు ఎవరుంటారు? కోర్సు అయ్యాక సందేహం వస్తే ఫోన్ ఎత్తేది ఎవరు? వీటికి తిన్నగా జవాబు చెబితే, నీ ఉద్యోగం కోసం చేరు. బిజినెస్ కార్డు మీద థెరపిస్టు అని వేసుకోవచ్చు అంటే మాత్రం లేచి వచ్చెయ్.

ఈలోగా నీ మీద నువ్వు చేసుకో. ఇది మనస్ఫూర్తిగా చెబుతున్నాను, సెల్ఫ్ హిప్నాసిస్ ఎంతో మంచి అలవాటు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, ఫోన్ పక్కన పెట్టి, వీపు ఆనించి కూర్చో. ఎదురుగా కొంచెం ఎత్తులో ఒక చుక్క మీద చూపు నిలుపు. రెప్పలు బరువెక్కితే మూసుకో. ఊపిరి వదిలినప్పుడల్లా ఒక అంకె చొప్పున పది నుంచి కిందికి లెక్కపెట్టు. చేతులు, భుజాలు, దవడ వదులవుతాయి. అప్పుడు ఒక్క మాట, ఒక్కటే, చెప్పుకో. "క్లాసు మొదలయ్యే ముందు నా ఊపిరి నిదానంగా ఉంటుంది" లాంటిది. నేను మహా వక్తను లాంటివి వద్దు, లోపలివాడు ఒప్పుకోడు. ఆ క్లాసును కళ్ల ముందు ఒకసారి జరగనివ్వు. తర్వాత ఒకటి నుంచి అయిదు దాకా లెక్కపెట్టి కళ్లు తెరువు. మొదటి వారం ఏమీ జరగనట్టే ఉంటుంది, మానకు. నీ గొంతుతోనే రికార్డు చేసుకుంటే ఇంకా మంచిది, కానీ ఇంగ్లీషు స్క్రిప్టును తెలుగులోకి దించకు. మన ఇంట్లో మాట్లాడుకునే మాటల్లో రాసుకో. ఆ రికార్డు బండి నడుపుతూ వినకు. తలనొప్పి, గుండెల్లో నొప్పి వస్తే ముందు డాక్టరు చూడాలి. హిప్నాసిస్ నొప్పిని దాచగలదు, జబ్బును పోగొట్టలేదు.

స్నేహితుల మీద సాధన చేస్తానన్నావు. దాని గురించి ఒకటి తెలుసుకో. హిప్నాసిస్‌లోకి వెళ్లే శక్తి చేసేవాడిది కాదు, చేయించుకునేవాడిది. 1959లో స్టాన్‌ఫర్డ్‌లో ఆండ్రే వైట్‌జెన్‌హాఫర్, ఎర్నెస్ట్ హిల్గార్డ్ దీనికి ఒక కొలబద్ద తయారు చేశారు. చాచిన చెయ్యి బరువెక్కి కిందికి దిగడం దగ్గర నుంచి లేని ఈగ మోత వినిపించడం దాకా పన్నెండు పరీక్షలు. ఒకే గొంతు, ఒకే మాటలు అందరికీ. కొందరు దాదాపు అన్నీ చేస్తారు, కొందరు ఏదీ చేయరు, ఎక్కువమంది మధ్యలో ఉంటారు. ఆ మనిషి ఎక్కడున్నాడో ఏళ్లు గడిచినా పెద్దగా మారదు. మన తెలుగువాళ్లకు హిప్నాటిజం అనగానే బి.వి. పట్టాభిరామ్ గారు గుర్తొస్తారు. వేదిక మీద హిప్నాటిజం చేసేవాళ్లు ఎవరైనా ముందు ప్రేక్షకుల చేత వేళ్లు బిగించి పట్టించడం లాంటి చిన్న పరీక్షలు పెడతారు, లోతుగా వెళ్లగలవాళ్లనే పైకి పిలుస్తారు. అది వాళ్ల విద్యలో భాగం. ఇది తెలియక సొంతంగా నేర్చుకునేవాడు మొదటి స్నేహితుడు పడిపోగానే తనకేదో శక్తి వచ్చిందనుకుంటాడు, రెండోవాడు నవ్వేయగానే తాను పనికిరాననుకుంటాడు. రెండూ నిజం కావు. మొన్న సంక్రాంతికి మీ అత్త కూతురు నువ్వు లెక్కపెట్టగానే తల వాల్చేసిందని మీ అమ్మ గొప్పగా చెప్పింది. ఆ పిల్ల పరీక్షల భయంతో ఏడాదిగా సరిగ్గా తినడం లేదని నీకు తెలుసా? మళ్లీ దాని మీద చేయకు. అది నీతో మనసు విప్పి మాట్లాడుతుంది, ఇంటి మనిషిగా విను, అంతవరకే. ఎవరితోనూ చెప్పుకోలేని రాత్రి వస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయవచ్చని, అక్కడ తెలుగులోనే మాట్లాడతారని దానికి చెప్పు.

నిజంగా మనుషుల బాధ పోగొట్టే పనే చేయాలని ఉంటే, ఆ రెండు నెలల జీతం వేరే దారిలో పెట్టు. ముందు సైకాలజీలో ఎం.ఏ. చెయ్యి. దానితోనే క్లినికల్ సైకాలజిస్టువు అయిపోవు. అందుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన పూర్తికాలపు కోర్సు, ఆసుపత్రిలో పని, ఆ తర్వాత కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరు ఉండాలి. ఇప్పటిదాకా అది ప్రధానంగా రెండేళ్ల ఎం.ఫిల్., కోర్సుల పేర్లూ పద్ధతులూ ఇప్పుడు మారుతున్నాయి, అందుకని చేరేముందు ఆ కాలేజీకి గుర్తింపు ఉందో లేదో కౌన్సిల్ జాబితాలో నువ్వే చూసుకో. ఇంట్లో పప్పుచారు కాచుకోవడం వేరు, పెళ్లికి గాడిపొయ్యి దగ్గర నిలబడటం వేరు. కష్టమైన దారే, నీ వయసుకు ఆలస్యం ఏమీ కాలేదు. ఆ చదువు అయ్యాక హిప్నాసిస్ నేర్చుకో, నేను కూర్చుని నేర్పుతాను, నువ్వు చేస్తుంటే పక్కనుండి చూస్తాను.

దసరాకి వస్తున్నావు గదా, ఆ సంస్థ కరపత్రం వెంట తీసుకురా, ఇద్దరం కలిసి చదువుదాం. అప్పటిదాకా అడ్వాన్సు కట్టకు. ఈ ఆదివారం లోపు సీటు నిండిపోతుందని వాళ్లు తొందరపెడుతున్నారన్నావు. నిండిపోనీ, ఇంకో బ్యాచ్ ఉంటుంది.

మీ అమ్మనీ నాన్ననీ అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ పెద్దమ్మ